పుట్టిల్లు లేనివారికి పుట్టిల్లు: శ్రీమతి కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగము)



పల్లెటూరిలో ఒక గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండుట సామాన్యమైన సంగతి కాదు. వానకు కారిన కప్పును నిలుపుకొనవలెను. చెదపట్టిన బీరువాను మార్చుకొనవలెను. తీసికొనిపోయిన పుస్తకమును తిరిగి యిమ్మని యింటింటికి తిరుగవలెను. పావలా చందాకు పదిమార్లు గుర్తుచేయవలెను. ఇన్నియు దాటి ఈ మందిరము రజతోత్సవమునకు వచ్చినది. ఇట్టి శుభదినమున పుస్తకముల మహిమను గూర్చి పెద్దలు పలువురు చక్కగా సెలవిచ్చియున్నారు. ఆ మాటలన్నియు సత్యములే. అయినను ఒక్క ప్రశ్న మిగిలియున్నది. పుస్తకములో నున్న మంచిమాట ఏనాడు ప్రాణము పోసికొని వీధిలోనికి వచ్చును? ఈ ప్రశ్నకు ఒక యిల్లాలి జీవితము సమాధానమై యున్నది. ఆ యిల్లాలు శ్రీమతి కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు.

వీరేశలింగము పంతులుగారి పేరు ఎరుగని చందాదారుడు ఈ ఊరిలో ఉండడు. వారి గ్రంథములు మన బీరువాలలో వరుసగా నిలిచియున్నవి. రాజ్యలక్ష్మమ్మగారి పేరు ఆ అట్టలమీద కానరాదు. కాని ఆ గ్రంథములలోని మాట నిజమగుటకు ఎవరు నీరు మోసిరి, ఎవరు పొయ్యి రాజేసిరి అని విచారించినచో ఆమె పేరే ముందుగా వచ్చును.

ఈ చరిత్రలో ఇరువదియైదేండ్ల లెక్కకు ఒక విశేషమున్నది. 1856వ సంవత్సరమున హిందూ వితంతువు తిరిగి వివాహమాడుట న్యాయసమ్మతమని చట్టము వెలువడినది. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులవారు శాస్త్రములు శోధించి, సంతకములు సేకరించి దానిని సాధించిరి. ఆ డిసెంబరు నెలలోనే కలకత్తా నగరమున తొలి వివాహము జరిపించిరి. మన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిగినది 1881 డిసెంబరు 11వ తేదీన. ఈ రెంటి నడుమ ఇరువదియైదేండ్లు. అనగా సరిగా మన గ్రంథాలయపు వయస్సు. అంతకాలము ఆ చట్టము గోదావరి తీరమున పుస్తకములోనే పండుకొని యుండెను. దానిని చదివినవారు ఉండిరి. మెచ్చుకొన్నవారును ఉండిరి. ఆచరింప సాహసించినవారు లేకపోయిరి.

ఆ కాలపు స్థితిని నేటి చిన్నవారికి కొంచెము చెప్పవలసియున్నది. బ్రాహ్మణ వైశ్యాది కులములలో ఆడపిల్లకు రజస్వల కాకమునుపే పెండ్లి చేసెడివారు. ఆరేండ్లకు, ఎనిమిదేండ్లకు మెడలో పుస్తె పడెడిది. వరుడు బాలుడు కావచ్చును, రొక్కమిచ్చి రెండవ పెండ్లికో మూడవ పెండ్లికో వచ్చిన వృద్ధుడైనను కావచ్చును. మశూచికి, విషూచికి అంతులేని రోజులవి. భర్త ముఖమైనను ఎరుగని పసిబిడ్డ ఒకనాడు వితంతువై కూర్చుండెడిది. ఎదిగిన పిమ్మట తల గొరిగించి, ముతక బట్ట కట్టబెట్టి, ఒంటిపూట భోజనము పెట్టి, పుట్టినింటనో మెట్టినింటనో వంటయింటి మూలకు చేర్చెడివారు. శుభకార్యమున ఎదురుపడరాదు. పేరంటమునకు పిలుపు లేదు. కాపుదనము, చేతివృత్తులు చేసికొను అనేక కులములలో మారుమనువు ఆచారముగా ఉండనే యుండెను. పొలములో కలుపుతీయు స్త్రీకి ఉన్న దారి, వేదము చదివిన యింటి బిడ్డకు లేకపోయెను. పెద్దకులమని చెప్పుకొనుటలో ఆ బిడ్డకు దక్కిన పెద్దరికము ఇదియే.

రాజ్యలక్ష్మమ్మగారు 1851 నవంబరు 5న రాజమహేంద్రవరమునకు చేరువనున్న కాతేరు గ్రామమున అద్దంకివారి యింట జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో, పదియేండ్లైన నిండకమునుపే, పదుమూడేండ్ల వీరేశలింగముగారికి ఇచ్చి వివాహము చేసిరి. మెట్టినింట ఆమె రాజ్యలక్ష్మి యయ్యెను. అనగా ఆమెయు బాల్యవివాహము చేసికొన్న బాలికయే. దైవము కన్నెఱ్ఱ చేసియున్నచో ఆ మూలగదిలో తానే కూర్చుండవలసినది. ఈ సంగతి ఆమె జీవితమంతయు మరచినట్లు లేదు.

భర్తవద్దనే ఆమె చదువనేర్చిరి. పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల నెలకొల్పిరి. ఆ యేడే వివేకవర్ధని పత్రికను ఆరంభించిరి. ఆడుదానికి చదువేలయని లోకము నవ్వుచున్న దినములలో, పాఠశాల పెట్టిన ఆయన భార్య చదువురానిదై యుండినచో లోకము మరింత నవ్వియుండును. పురుషుడు సభలో పలుకు మాటకు మొదటి పరీక్ష అతని యింటిలోనే జరుగును. ఆ పరీక్షలో పంతులుగారు నెగ్గినారన్నచో, నెగ్గించినది ఆ యిల్లాలు.

1879 ఆగస్టు 3వ తేదీన పంతులుగారు రాజమహేంద్రవరమున స్త్రీ పునర్వివాహమును గూర్చి ఉపన్యసించిరి. పండితులు ఖండనములు వ్రాసిరి. వాదములు చెలరేగినవి. నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు శ్రీకారము చుట్టిన నగరమది, శాస్త్రవాదమునకు కొదువ లేదు. వాదమువరకు ఎవరికిని నష్టము లేదు. నోరు నోటితో పోరినంతకాలము వంటయిల్లు చల్లగా నుండును. అసలు కష్టము వాదము పెండ్లిగా మారిననాడు వచ్చినది.

ఆత్మూరి లక్ష్మీనరసింహముగారు, బసవరాజు గవర్రాజుగారు మున్నగు మిత్రులు పంతులుగారికి కుడియెడమల నిలిచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనము విరివిగా ఇచ్చిరి. విద్యార్థులు కావలి కాచిరి. గోగులపాటి శ్రీరాములుగారు వరుడు, గౌరమ్మ యను బాలవితంతువు వధువు. పంతులుగారి యింటనే 1881 డిసెంబరు 11న వివాహము జరిగినది. ఈ పేర్లన్నియు చరిత్రపుస్తకములలో నున్నవి, ఉండదగినవే.

కాని పెండ్లియనగా ఏమి? మంత్రము ఒక గడియ. భోజనము మూడు పూటలు. ఈ సభలోని తల్లులను అడిగినచో చెప్పుదురు. వచ్చినవారికి నీళ్ళు కావలెను, విస్తళ్ళు కావలెను, గాడిపొయ్యి త్రవ్వవలెను, అన్నము వార్చవలెను. ఆ యింటికి వంటబ్రాహ్మణుడు రాడు, నీళ్ళబ్రాహ్మణుడు రాడు. వచ్చినవానిని వెలివేయుదుమని ఊరు కట్టుదిట్టము చేసినది. ధనముండియు కొనలేని వస్తువు ఆనాడు ఒక బిందెడు నీరు. అప్పుడు ముప్పది యేండ్ల రాజ్యలక్ష్మమ్మగారు తామే బిందె యెత్తుకొని గోదావరికి నడచిరి. తామే మోసితెచ్చి, తామే పొయ్యి రాజేసి, తామే వండి వడ్డించిరి.

అరణ్యపర్వమున ద్రౌపదీదేవి వేలకొలది బ్రాహ్మణులకు అన్నము పెట్టినది. ఆ దేవికి సూర్యభగవానుడు ప్రసాదించిన అక్షయపాత్ర యుండెను. తాను భుజించువరకు ఆ పాత్ర వట్టిపోదు. రాజ్యలక్ష్మమ్మగారికి ఏ దేవుడును పాత్ర ఈయలేదు. ఆమెకున్నవి రెండు చేతులు. నదినుండి యింటికి, యింటినుండి నదికి ఎన్ని బిందెలైనవో ఎవరును లెక్క వ్రాయలేదు. గుమాస్తాలేని పద్దు అది. పైడావారిచ్చిన రూకలకు లెక్క యుండును, అచ్చువేసిన కరపత్రములకు లెక్క యుండును. ఈ నీటికి మాత్రము చిట్టా లేదు, ఆవర్జా లేదు. ఆ నీరు లేనిచో మిగిలిన పద్దులన్నియు కొట్టివేయవలసినవే.

పెండ్లి ముగిసిన పిమ్మట వెలి ముదిరినది. పీఠములనుండి బహిష్కారపు శ్రీముఖములు వచ్చినవి. పెండ్లికి పోయి భోజనము చేసినవారిలో కొందరు భయపడి ప్రాయశ్చిత్తము చేసికొనిరి. వారిని నిందింప బనిలేదు. వెలి యనగా ఏమో నేటివారికి తెలియదు. వెలిపడిన యింటికి పురోహితుడు రాడు, తద్దినమునకు భోక్త దొరకడు, ఆడపిల్లకు సంబంధము రాదు, చావు సంభవించినచో మోయుటకు నలుగురు భుజమీయరు. మగవాడు కచేరీకో పాఠశాలకో పోయి సగము దినము ఆ బాధను మరచియుండగలడు. ఇల్లాలికి ఆ సౌకర్యము లేదు. బావికడ మాటలు, గుడికడ మాటలు, నదికడ మాటలు ఆమె చెవినే పడును. వెలి వేసినది పంతులుగారిని, అనుభవించినది ఎక్కువపాలు రాజ్యలక్ష్మమ్మగారు.

బంధువులు వచ్చి ఆమెను పిలిచిరి. ఈ భ్రష్టకార్యమును విడిచి తమతో రమ్మనిరి. పుట్టినింటివారి పిలుపు ఆడుదానికి ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆమె పోలేదు. భర్తతోడనే యుందుననెను. దీనిని పాతివ్రత్యమని కొందరు పొగడుదురు. అది కొంత నిజమే. అంతతో ఆగినచో ఆమెకు అన్యాయము చేసినవారమగుదుము. భర్త చెప్పినదని నీరు ఒకనాడు మోయవచ్చును, రెండునాళ్ళు మోయవచ్చును. ఇరువదితొమ్మిదేండ్లు మోయవలెనన్నచో అది తన ధర్మమని తనకు తోచియుండవలెను. పంతులుగారు పట్టుదలకు పేరుపొందినవారు. ఆ పట్టుదల సాయంకాలము యింటికి వచ్చి చేరబడుటకు ఒక గోడ కావలెను. ఆమె వలదని ఒక్క మాట అనియుండినచో, కంట తడి పెట్టి ఒక్క రాత్రి భోజనము మానియుండినచో, తొలి వివాహము తరువాత మలి వివాహము జరిగెడిదా యని ఆలోచింపవలెను. ఆమె అట్లనలేదు. పంతులుగారి జీవితకాలమున జరిగిన వితంతు వివాహములు సుమారు 40. అన్నియు ఆ బలముమీద నిలిచినవే.

ఇక ఈ ప్రసంగమునకు పెట్టిన పేరు సంగతి.

మన దేశమున ఆడపిల్లకు తొలి కానుపు పుట్టినింట జరుగవలెను. నెలలు నిండిన బిడ్డను తల్లి తీసికొనివచ్చును. పురుడు పోయును, పథ్యము పెట్టును, పసిగుడ్డుకు తలంటి ఉగ్గు పోయును. ఆ పసిబిడ్డకు ఆమె అమ్మమ్మ. ఇది తరతరములుగా వచ్చుచున్న ముచ్చట. పునర్వివాహము చేసికొన్న బాలకు ఈ ముచ్చట ఎక్కడిది? పెండ్లియాడిననాడే కన్నవారు చచ్చినదానితో సమానమని తలుపు వేసికొనిరి. అత్తవారిదియు అదే త్రోవ. నొప్పులు వచ్చిన వేళ ఆ పిల్ల ఎక్కడికి పోవలెను?

ఆ పిల్లలు రాజ్యలక్ష్మమ్మగారి యింటికి వచ్చిరి. ఆమె వారికి తల్లియై పురుళ్ళు పోసిరి.

ఆ దంపతులకు సంతానము లేదు. గొడ్రాలని లోకము అనెడి మాట ఆమె చెవిని ఎన్నిమార్లు పడెనో తెలియదు. గొడ్రాలి చేయి పసిబిడ్డకు తగులరాదను మూఢమాటలు మన పల్లెలలో నేటికిని పూర్తిగా పోలేదు. ఆ చేతులే ఆ బిడ్డలను మొదట అందుకొన్నవి. లెక్క సూటిగా చూచినచో, ఎవరి యింట తల్లికి కానుపు జరిగినదో ఆమెయే బిడ్డకు అమ్మమ్మ. కావున కడుపున ఒక్క బిడ్డను కనకయే రాజ్యలక్ష్మమ్మగారు ఎందరికో అమ్మమ్మ యయ్యెను.

ఇట్టి కథ మనకు కొత్తది కాదు. నిండు చూలాలైన సీతాదేవిని అడవిలో విడిచివచ్చిననాడు, ఆ తల్లికి అత్తవారు లేరు, పుట్టినిల్లు మిథిల దూరము. వాల్మీకి మహర్షి ఆశ్రమమే ఆమెకు పుట్టిల్లయ్యెను. కుశలవులు అచ్చటనే జన్మించిరి. ఆ రాత్రి సీతకడ నిలిచిన ముని స్త్రీల పేర్లు ఏ రామాయణమున ఎవరికి గుర్తున్నవి? రాజమహేంద్రవరపు ఆశ్రమమున ఆ ముని స్త్రీ పేరైనను మనకు తెలిసియున్నది. అది మన భాగ్యము.

ఈ సేవ పూలబాటయని ఎవరును తలపరాదు. వివాహమాడినవారందరును కృతజ్ఞులు కారు. ధనమునకై వచ్చినవారు ఉండిరి. ఉద్యోగము చూపలేదని నిష్ఠురములాడినవారు ఉండిరి. దంపతులలో పొరపొచ్చములు పుట్టినవి. తమ స్వీయచరిత్రమున పంతులుగారే ఈ బాధలను దాచక వ్రాసియున్నారు. వీధిలో రాళ్ళు వేసినవానిని క్షమించుట సులభము, వాడు పరాయివాడు. చేసిన అన్నము తిని నింద వేసినవానికి మరుసటిపూట వడ్డించుట కష్టము. రాజ్యలక్ష్మమ్మగారు ఆ కష్టమును కూడ మోసిరి. కోడలు కసరినదని, మనుమడు ఎదురాడినదని అమ్మమ్మ వంట మానదు గదా!

1898లో చెన్నపట్టణమునను, పిదప 1905లో రాజమహేంద్రవరమునను వితంతు శరణాలయములు నెలకొల్పబడినవి. పెండ్లి చేసికొన్నవారికే గాక, చదువుకొని తమ కాళ్ళపై నిలువగోరిన వితంతువులకును అవి నీడయైనవి. శరణాలయమని గోడపై వ్రాయుట తేలిక. లోపల పదిమంది పిల్లలున్నచో పది స్వభావములుండును. ఒకతె రాత్రివేళ ఏడ్చును, ఒకతె అలిగి అన్నము మానును, ఒకతెకు జ్వరము వచ్చును. నియమావళి చదివి వినిపించినంత మాత్రమున ఆ యేడుపు మానదు. పక్కన కూర్చుండి తల నిమురు చేయి కావలెను. ఆ చేయి ఆమెది.

1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి తమ యావదాస్తిని దానికి సమర్పించిరి. బిడ్డలు లేని వృద్ధదంపతులకు ఆస్తియే ఊతకర్రయని లోకము చెప్పును. ముసలితనమున చేతిలోని కర్రను కూడ ఇచ్చివేయుటకు భర్త ఒక్కడు సిద్ధపడిన చాలదు. ఇంటి తాళపుచెవులు ఇల్లాలి కొంగున నుండును.

ఉద్యోగము చేసిన పురుషునకు ఒకనాడు విరామము లభించును. పంతులుగారును అధ్యాపక వృత్తినుండి విరమించిరి. రాజ్యలక్ష్మమ్మగారి పనికి మాత్రము విరామపు తేదీ లేదు, ఉపకార వేతనము లేదు, వీడ్కోలు సభ లేదు. 1910 ఆగస్టు 11వ తేదీన ఆమె నిద్రలోనే కన్నుమూసిరి. నిన్నటివరకు నడచిన యిల్లు తెల్లవారుసరికి ఆగిపోయినది. అప్పటికి ఆమెకు ఏబదియెనిమిదేండ్లు. నలుబదితొమ్మిదేండ్ల కాపురము. తరువాత తొమ్మిదేండ్లు పంతులుగారు ఒంటరిగా బ్రదికి, 1919 మే 27న పరమపదించిరి. ఎన్ని వాదములకును తొణకని ఆ మహాపురుషుడు ఆమె వియోగమునకు తల్లడిల్లెను.

ఆమె పసుపుకుంకుమలతో పోయినదని ఆనాటి ముత్తైదువలు అదృష్టమని చెప్పుకొనియుందురు. ఆమె అదృష్టము అది యొక్కటియే కాదు. తన నుదుటి కుంకుమను తనకే దాచుకొనక, ఎందరి నుదుళ్ళనో తిరిగి దిద్దిన చేయి ఆమెది. ఆమెను అట్లు తలచుకొనుటయే న్యాయము.

ఒక చిన్న విశేషము గమనింపుడు. ఆమె పోవుటకు సంవత్సరము ముందు, 1909 జూలై 15న, ఆ రాజమహేంద్రవరమునందే ఒక ఆడశిశువు జన్మించినది. ఆమెయే దుర్గాబాయిగారు. ఎనిమిదేండ్లకే పెండ్లి చేయబడి, ఎదిగిన పిమ్మట ఆ కాపురము వలదని చెప్పగలిగిన ధైర్యశాలిని. చిన్ననాటనే బాలికలకు హిందీ పాఠశాల నడపిరి. 1923 కాకినాడ కాంగ్రెసునాటి ప్రదర్శనమున చీటి లేనిదే జవహర్‌లాల్ నెహ్రూగారినైనను లోనికి విడువని స్వచ్ఛంద సేవిక ఆమె. పిదప ఆంధ్ర మహిళా సభను స్థాపించి, రాజ్యాంగ సభలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. 1981లో దివంగతులైరి. ఈ యిరువురికి రక్తసంబంధము లేదు. అయినను తరముల లెక్కలో ఒకరు అమ్మమ్మ, ఒకరు మనుమరాలు. అమ్మమ్మ బిందెతో మొదలిడిన పనిని మనుమరాలు రాజశాసనముతో సాగించెను. నేడు రాజమహేంద్రవరమున రాజ్యలక్ష్మమ్మగారి పేర మహిళా కళాశాల యున్నది. నీరు మోయ మనిషి దొరకని యింటి ఇల్లాలి పేరు చెప్పుకొని వందలకొలది బాలికలు పట్టములు పుచ్చుకొనుచున్నారు.

సభాసదులారా! ఇది యెన్నడో జరిగిన కథ, మనకేల యని అనుకొందురేమో. ఇరువదియైదేండ్లు చట్టము పుస్తకములో పండుకొన్న సంగతి ఆదిలోనే మనవి చేయబడినది. మన బీరువాలలో నేడు పండుకొనియున్న చట్టములు లేవా? ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు మగబిడ్డతో సమానముగ భాగమని ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణ చట్టము చెప్పినది. 2005లో దేశమంతటికి అదే న్యాయము వచ్చినది. పుస్తకములో స్పష్టముగ నున్నది. మన ఊరి పొలముల పద్దులలో ఎన్ని గట్లవద్ద ఆడపిల్ల పేరు చేరినది? పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదాయని చెప్పి, సంతకము పెట్టించుకొని పంపివేసిన చెల్లెండ్రు ఎందరు? పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి కూడదని చట్టము చెప్పుచున్నది. లగ్నపత్రిక వ్రాయునపుడు వయస్సు అడుగువారు ఎందరు? ఎవరి యింటిలోనిది వారికే తెలియును. ఎవరి సమాధానము వారు తమ మనస్సుకే చెప్పుకొనవచ్చును.

అంత దూరమైనను పోవలదు. ఈ ఉదయము ఈ మందిరమున జ్యోతి వెలిగించుటకు ముత్తైదువలను పిలిచితిమి. మంగళహారతి పాడిరి, సంతోషమే. వెనుక గోడవద్ద తమంతట తామే ఒదిగి నిలిచిన తల్లులను ఎవరైన చూచిరా? ఈ గ్రంథాలయము తొలినాళ్ళలో నేల అలికినవారు, దీపమునకు నూనె పోసినవారు, కాపుదారు లేని దినమున తలుపు వేసి తాళపుచెవి భద్రపరచినవారు వారిలో ఉన్నారు. చందాల జాబితాలో వారి పేర్లు ఉండవు, ఏలయన వారిచ్చినది రూపాయలు కావు. భర్త పోయిననాటినుండి శుభకార్యమున ముందునకు రారాదని వారికి వారే ఒక గీత గీసికొనియున్నారు. గీసినది వారు కారు, మనము. 1881లో గోదావరి యొడ్డున ఒక యిల్లాలు చెరిపివేయ మొదలిడిన గీత ఈ మందిరపు గడపవద్ద ఇంకను మిగిలియున్నది.

రాజ్యలక్ష్మమ్మగారికి శిలావిగ్రహము కట్టించుట మన శక్తికి మించినది కావచ్చును. బిందెడు నీరు మోయుట ఎవరి శక్తికిని మించినది కాదు. రేపు ఈ ఉత్సవపు రెండవ దినము. రేపటి జ్యోతిని ఆ వెనుకగోడవద్ద నిలిచిన తల్లులలో వయోవృద్ధురాలైన వారి చేత వెలిగింపజేయుదము. ఆమె వెనుకాడును, కూడదనును. చేయిపట్టి తీసికొనిరావలసినది మన యిండ్ల ముత్తైదువలే. ఈ సంచికలో దాతల పేర్ల క్రింద ఒక పుట మిగిల్చి, రూపాయలలో లెక్కకు రాని సేవచేసిన ఆ తల్లుల పేర్లను వరుసగా వ్రాయుదము. పద్దు ఆలస్యముగ వ్రాసినను అది పద్దే. వ్రాయక విడిచినదే బాకీ.

పుస్తకము బీరువాలో నున్నంతవరకు అక్షరము, చేతిలోనికి వచ్చిననాడు జ్ఞానము, బిందె యెత్తిననాడు ధర్మము. ఇరువదియైదేండ్లు ఈ ఊరు పుస్తకములను కాపాడినది. రానున్న ఇరువదియైదేండ్లు ఆ పుస్తకములు ఈ ఊరిని కాపాడుగాక. పుట్టిల్లు లేనివారికి పుట్టిల్లైన ఆ అమ్మమ్మ పేరు ఈ మందిరమున చిరకాలము నిలుచుగాక.

స్వస్తి.